పెంటపోగు నుంచి సంచి దాకా: భారతదేశంలో నగర కంపోస్టు నియంత్రణ, ప్రోత్సాహాల చరిత్ర

తెలుగులో 'పెంట' అన్న మాట పలికే చోటును బట్టి అర్థం మార్చుకొంటుంది. పట్టణవాసి నోట అది అసహ్యానికి పర్యాయపదం. తెలంగాణ పల్లెలో 'చేనుకు పెంట తోలడం' సేద్యపు ఏడాదిలో తొలి పనుల్లో ఒకటి. అదే వస్తువును ఉత్తరాంధ్రలో 'గత్తం' అంటారు. తక్కిన చోట్ల దిబ్బ ఎరువు, పశువుల ఎరువు అన్న పేర్లు ఎక్కువ. ఇంటి ముందు కుప్పగా ఉన్నంత కాలం మలినం, చేలో చల్లిన తరువాత సారం. ఈ రెండు స్థితుల నడుమ జరిగే మార్పుకు రైతు వాడిన క్రియలు 'మాగడం', 'చివకడం'. నేటికీ వ్యవసాయ శాఖ కరపత్రాలు 'బాగా చివికిన పశువుల ఎరువు' అనే రాస్తాయి. చివికిందా లేదా అన్నది తేల్చే అధికారం చాలా కాలం రైతు కంటికి, ముక్కుకు, అరచేతికి ఉండేది. గత శతాబ్దంలో ఆ అధికారం క్రమంగా ప్రయోగశాలకు, ప్రభుత్వ ఉత్తర్వుకు బదిలీ అయింది. ఆ బదిలీ ఎందుకు అవసరమైంది, అందులో ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నది నగర వ్యర్థాల నుంచి తయారై అమ్మకానికి వచ్చే కంపోస్టు చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

'ఎరువు' అన్న మాటకు 'ఎరవు' అన్న రూపంతో కలగలిసిన మరొక అర్థం కూడా ఉంది: తిరిగి ఇచ్చే షరతు మీద పొరుగువారి నుంచి తెచ్చుకొన్న వస్తువు. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్న సామెతలో ఉన్నది ఈ అర్థమే. ఇది శబ్దసామ్యమే కావచ్చు. దీనిపై వ్యుత్పత్తి సిద్ధాంతం కట్టడానికి పూనుకోనక్కరలేదు. అయితే పల్లె పండించిన ధాన్యం, కూరగాయలు, పాలు నగరానికి చేరి అక్కడే ఆగిపోతున్నప్పుడు, నేలకు తిరిగి చేరవలసినది ఏమిటి, ఎంత, ఎవరి ఖర్చుతో అన్న ప్రశ్న మాత్రం చట్టం ముందు నేటికీ ఉంది.

అమ్మకం కొత్తది కాదు

ఎరువు వ్యాపారం ఆధునిక కాలపు సృష్టి అన్న అభిప్రాయం సరికాదు. పంట కోసిన చేలలో గొర్రెల మందలను రాత్రిళ్లు నిలిపి, ఆ రాత్రులకు గొల్లలకు ధాన్యమో రొక్కమో ముట్టజెప్పే ఆచారం తెలుగు నేలన చిరకాలంగా ఉంది. చెరకు వంటి పంటలకు ఆముదపు పిండి కొని వేసేవారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పిల్లిపెసర, జీలుగ, జనుము వేసి దున్ని కలిపేవారు. కానుగ కొమ్మలు నరికి తెచ్చి దమ్ములో తొక్కేవారు. ఈ లావాదేవీలన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. కొనేవాడికి సరుకు పుట్టుక తెలుసు. మంద ఎవరిదో, ఆకు ఏ చెట్టుదో, పిండి ఏ గానుగదో తెలిసినప్పుడు నాణ్యతను నిర్ధారించడానికి వేరే అధికారి అవసరపడలేదు. మోసం జరగలేదని కాదు. పిండిలో ఇసుక కలిపినా, మందలో తల తగ్గినా గొడవ ఊరి నడుమే తేలేది.

ఆ వ్యవస్థ సమృద్ధిగా ఉండేదని ఊహించడమూ పొరపాటే. 1889లో భారతదేశానికి వచ్చిన రసాయన శాస్త్రవేత్త జాన్ అగస్టస్ వోల్కర్ 1893లో వెలువరించిన నివేదికలో, పేడ పొలానికి చేరకుండా పిడకలై పొయ్యిలో కాలిపోవడాన్ని పెద్ద లోపంగా గుర్తించాడు. రైతు అజ్ఞానం వల్ల ఇలా జరగడం లేదని, కట్టెలు దొరకకపోవడమే కారణమని ఆయన వివరించడం గమనార్హం. వంటచెరకుకు ప్రత్యేక వనాలు పెంచాలని సూచించాడు. 1928 నాటి రాయల్ వ్యవసాయ కమిషన్ నివేదిక కూడా ఇదే సమస్యను ప్రస్తావించింది. అంటే వలస పాలన కాలంలో ఎరువు ప్రశ్న తొలుత కొరత ప్రశ్నగానే ముందుకు వచ్చింది. నాణ్యత ప్రశ్న ఇంకా పుట్టలేదు.

ఇండోర్, బెంగళూరు

కంపోస్టు అన్న ఆంగ్ల పదం భారతీయ వ్యవసాయ పరిభాషలో స్థిరపడడానికి మూలం ఇండోర్ నగరం. ఆల్బర్ట్ హోవర్డ్ 1905లో పూసాలో ఆర్థిక వృక్షశాస్త్రజ్ఞుడిగా చేరాడు. 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లోని వృక్ష పరిశ్రమ సంస్థను నడిపాడు. ఆ సంస్థకు భారత కేంద్ర పత్తి సంఘం నిధులిచ్చింది. పత్తి పరిశోధనకు పెట్టిన సంస్థలో ఎరువు పద్ధతి రూపొందడం విచిత్రంగా తోచవచ్చు. కానీ పత్తికట్టె, కందికట్టె లాంటి గట్టి వ్యర్థాలను నేలకు ఎలా చేర్చాలన్న చిక్కే ఆయనను ఆ దారి పట్టించింది. ఆ కట్టెను పొలం బాటల మీద పరిచి, బండ్ల చక్రాల కింద నలిగేలా చేసేవారు. నలిగినదాన్ని ఆకులలము, పేడ, పశువుల మూత్రం ఇంకిన మట్టి, కట్టెబూడిదలతో పొరలుగా పేర్చి, తడిపి, నియత వ్యవధుల్లో తిరగవేస్తే దాదాపు మూడు నెలల్లో ఎరువు సిద్ధమయ్యేది. సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో ప్రచురించిన గ్రంథంలో హోవర్డ్ ఈ పద్ధతిని కొలతలతో సహా వివరించాడు. తూర్పుదేశాల రైతుల అనుభవానికి తాను ఋణపడ్డానని ఆయన దాచలేదు. అయినా పేరు మాత్రం 'ఇండోర్ పద్ధతి'గా ప్రయోగశాలకే దక్కింది.

ఇండోర్ పద్ధతికి మూలం పొలం. బెంగళూరు పద్ధతికి మూలం నగరం. 1939లో బెంగళూరులో సి. ఎన్. ఆచార్య రూపొందించిన ఈ విధానంలో పట్టణపు చెత్తను, మనుషుల మలాన్ని గుంతల్లో ఒక పొర మీద మరొక పొరగా నింపి, పైన మట్టితో కప్పేవారు. తిరగవేయనక్కరలేదు. తొలి రోజుల్లో పుట్టే వేడి రోగక్రిములను అణచివేస్తుంది. ఆపైన గాలి తగలకుండా నెలల తరబడి మెల్లగా కుళ్లుతుంది. కూలి ఖర్చు తక్కువ, దుర్గంధం తక్కువ, ఈగలు తక్కువ. 1940వ దశకంలో 'అధికాహారోత్పత్తి' ఉద్యమానికి తోడుగా పురపాలక సంఘాలు దీనిని చేపట్టాయి. యుద్ధకాలపు ఆహార కొరత నగరపు చెత్తకు తొలిసారిగా జాతీయ ప్రాధాన్యం తెచ్చిపెట్టింది.

1947 డిసెంబరులో, దేశ విభజన గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో, ఢిల్లీలో అఖిల భారత కంపోస్టు మహాసభ జరిగింది. మీరాబెన్ పూనికతో జరిగిన ఆ సభకు రాజేంద్రప్రసాద్ అధ్యక్షుడు. గాంధీ తన 'హరిజన్' పత్రికలో దాని గురించి రాశాడు. కొత్త రాజ్యం తొలి నాలుగైదు నెలల్లోనే ఎరువు కోసం ఒక జాతీయ సభ జరగడం ఆ తరం ప్రాధాన్యాలను తెలుపుతుంది.

ఈ ఘట్టాన్ని చెప్పేటప్పుడు సాధారణంగా వదిలివేసే అంశం ఒకటుంది. బెంగళూరు పద్ధతిలో 'మలం పొర' అని రాసినంత తేలికగా ఆ పొర గుంతకు చేరలేదు. పొడి మరుగుదొడ్ల నుంచి దానిని ఎత్తి, మోసి, బండికెక్కించినవారు కులం చేత ఆ పనికి కట్టుబడినవారు. పద్ధతి వివరణల్లో చెత్తకు, మలానికి, మట్టికి పరిమాణాలు ఉంటాయి. మోసినవారి ప్రస్తావన ఉంటే 'కూలి ఖర్చు' అన్న పద్దు కిందనే. చేతులతో మలాన్ని ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరింత విస్తృతమైన మరొక చట్టం వచ్చాయి. అందువల్ల బెంగళూరు పద్ధతి దాని అసలు రూపంలో తిరిగి రావాలని ఎవరైనా కోరితే, ఆ కోరికలో ఏమేమి ఇమిడి ఉన్నాయో ముందు తేల్చుకోవాలి. నగర కంపోస్టు చరిత్రను పోయిన స్వర్ణయుగంగా చెప్పడానికి ఇదొక్కటే పెద్ద అడ్డంకి.

రసాయన ఎరువు గీసిన గీత

1951లో సింద్రీ కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. నిత్యావసర వస్తువుల చట్టం 1955లో వచ్చింది. దాని కింద 1957లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వెలువడింది. ఈ ఉత్తర్వు దృష్టిలో ఎరువు అంటే కర్మాగారంలో తయారై సంచిలో వచ్చే వస్తువు. అందులోని నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలే దాని విలువ. ఆ కాలానికి అది సహజమే. కల్తీకి వీలున్నది, ధర నిర్ణయించవలసినది, రేషను పద్ధతిలో పంచవలసినది రసాయన ఎరువే గనుక చట్టం దాని కొలతలతోనే రూపుదిద్దుకొంది. దిబ్బ ఎరువు ఆ చట్టం వెలుపల ఉండిపోయింది. 1985లో ఉత్తర్వును కొత్తగా రాసినప్పుడూ ఈ స్థితి మారలేదు. రైతుల వాడుకలో కూడా క్రమంగా ఒక మార్పు వచ్చింది. విశేషణం లేకుండా 'ఎరువు' అంటే దుకాణంలో కొనేది అన్న అర్థం బలపడింది. పాతదానికి 'పశువుల' అనో 'సేంద్రియ' అనో ముందొక మాట చేర్చవలసి వచ్చింది. ఏ వస్తువు సామాన్యమో, ఏది ప్రత్యేకమో భాష ఈ విధంగా నమోదు చేసింది.

1970వ దశకంలో యంత్రాలతో నడిచే కంపోస్టు కర్మాగారాలు పెద్ద నగరాల్లో ప్రభుత్వ సాయంతో వెలిశాయి. కర్ణాటక కంపోస్టు అభివృద్ధి సంస్థ 1975లో బెంగళూరులో ఏర్పడింది. ఈ తరం కర్మాగారాల్లో అనేకం కొన్నేళ్లకే మూతపడ్డాయి. కారణాలు పలుమార్లు చర్చకు వచ్చినవే. కలగలిసి వచ్చిన చెత్త, విరిగే యంత్రాలు, కరెంటు ఖర్చు, గాజుపెంకులున్న ఎరువును ముట్టని రైతు. వీటిలో చివరిదే అసలుది. అరికాలికి చెప్పు లేకుండా మడిలో దిగే కూలీకి గాజుపెంకు అన్నది నాణ్యతా ప్రమాణాల పట్టికలో ఒక అంశం కాదు, తెగిన కాలు. ఆ తరువాతి దశాబ్దాల్లో నగరపు చెత్త స్వభావమే మారింది. ప్లాస్టిక్కు, బ్యాటరీలు, రంగుల డబ్బాలు కూరగాయల తొక్కలతో కలిసి ఒకే బండిలో ప్రయాణించసాగాయి.

ఇక్కడే పాత పరీక్ష విఫలమైంది. రంగు నలుపు తిరిగి, వాసన పోయి, చేతిలో పొడిపొడిగా రాలితే ఎరువు మాగినట్టని రైతుకు తెలుసు. పేడకు, ఆకుకు ఆ పరీక్ష చాలు. కాడ్మియానికి రంగు లేదు. సీసానికి వాసన లేదు. పచ్చి పెంట వేస్తే చెదలు పడతాయని అనుభవం చెప్పింది గాని, ఒక బ్యాటరీ కరిగిన కుప్పను గుర్తించే అనుభవం ఏ తరానికీ సంక్రమించలేదు. కాబట్టి నియంత్రణ రావడం రైతు జ్ఞానం మీద దండయాత్ర అనుకోవడానికి వీలులేదు. ఆ జ్ఞానం పుట్టిన కాలంలో లేని విషాలు తరువాత వచ్చి చేరాయి. చట్టం తప్పనిసరి అయింది. ప్రశ్నల్లా అది ఎక్కడ నిలబడి తూకం వేసిందన్నదే.

ప్రమాణాల పట్టికను చదవడం

ఘన వ్యర్థాల దుస్థితిపై అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. కోర్టు నియమించిన అసిం బర్మన్ కమిటీ 1999లో నివేదిక ఇచ్చింది. 2000 సెప్టెంబరులో పురపాలక ఘన వ్యర్థాల నియమాలు వెలువడ్డాయి. వాటి నాలుగవ అనుబంధంలో కంపోస్టుకు తొలిసారి సంఖ్యలు కనిపిస్తాయి. కిలో కంపోస్టులో ఆర్సెనిక్ 10 మిల్లీగ్రాములు, కాడ్మియం 5, క్రోమియం 50, రాగి 300, సీసం 100, పాదరసం 0.15, నికెల్ 50, జింకు 1000 మించరాదు. కర్బన, నత్రజనుల నిష్పత్తి 20 నుంచి 40 మధ్య ఉండాలి.

2006 మార్చిలో సేంద్రియ ఎరువులను, జీవన ఎరువులను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. అక్కడ 'నగర కంపోస్టు'కు వేరుగా ఒక పట్టిక ఏర్పడింది. లోహాల పరిమితులు దాదాపు అవే. కానీ కర్బన, నత్రజనుల నిష్పత్తి 20కి లోపలే ఉండాలి. చూపుకు చిన్న మార్పే గాని వ్యవసాయ దృష్టితో ఇది పెద్ద మార్పు. నిష్పత్తి ఎక్కువగా ఉన్న కంపోస్టును నేలలో వేస్తే, మిగిలిన కుళ్లుడు పని పూర్తిచేయడానికి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే వాడుకొంటాయి. పైరు కొన్నాళ్లు పసుపు తిరుగుతుంది. 2000 నాటి నియమం చెత్తను వదిలించుకోవలసినవారి వైపు నుంచి రాసింది. 2006 నాటి పట్టిక పైరు వైపు నుంచి రాసింది. 'చివికిన' అన్న పాత మాటకు చట్టంలో దొరికిన అనువాదం ఈ నిష్పత్తే అనవచ్చు.

ఆ పట్టికలో మరి రెండు అంశాలు సాహిత్య విద్యార్థి దృష్టిని ప్రత్యేకంగా ఆకర్షిస్తాయి. రంగు: ముదురు గోధుమ నుంచి నలుపు. వాసన: దుర్గంధం ఉండరాదు. 4 మిల్లీమీటర్ల జల్లెడలో నూటికి 90 వంతులు దిగాలన్న నియమమూ ఉంది. మిల్లీగ్రాముల్లో కొలిచే లోహాల పక్కన, కన్ను, ముక్కు, వేళ్లు చేసే పాత పరీక్షలు ఏ ఆర్భాటమూ లేకుండా చట్టంలో చోటు సంపాదించాయి. రైతు జ్ఞానాన్ని ఆధునిక నియంత్రణ పూర్తిగా తోసిపుచ్చిందన్న వాదానికి ఈ రెండు పంక్తులు సమాధానం.

అసలు చిక్కు మరొక చోట ఉంది. 2000 నాటి నియమాల్లోనూ, వాటి స్థానంలో 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనూ ఒకే వాక్యం పునరావృతమవుతుంది. లోహాల పరిమితి దాటిన కంపోస్టును ఆహార పంటలకు వాడరాదు. ఆహారేతర పంటలకు వాడవచ్చు అని దాని భావం. కాగితం మీద ఇది వివేకవంతమైన నియమమే. పూలతోటలకు, రోడ్డు మధ్య మొక్కలకు, అడవి నాట్లకు వాడుకోవచ్చు కదా అన్నది దాని తర్కం. కానీ పెద్ద ఎత్తున సాగయ్యే ఆహారేతర పంట అంటే తెలుగు రైతుకు ముందుగా గుర్తొచ్చేది పత్తి.

పత్తి చేనును చూస్తే ఈ విభజన ఎంత పలుచనిదో తెలుస్తుంది. తెలంగాణలో పత్తి సాళ్ల మధ్య కంది అంతర పంటగా వేయడం విస్తృతంగా ఉన్న ఆచారం. పత్తి తీసిన గింజ నుంచి నూనె వస్తుంది; అది వంటకు వాడే నూనె. మిగిలిన చెక్క పాడి పశువుల దాణా. ఇవి పక్కన పెట్టినా, ఈ ఏడు పత్తి వేసిన చెలకలో మరుసటి ఏడు మొక్కజొన్న ఉండవచ్చు, ఆపై ఏడు మిరప ఉండవచ్చు. నత్రజని ఒక పంటతో ఖర్చవుతుంది. సీసం, కాడ్మియం అలా ఖర్చు కావు. నేలలో నిలిచి, ఏటేటా వేసే కొద్దీ పేరుకొంటాయి. చట్టం పంటను ఆహారమా కాదా అని విభజించింది. విషం చేరేది పంటకు కాదు, పొలానికి. పొలానికి ఆహార పొలం, ఆహారేతర పొలం అన్న శాశ్వత జాతులు లేవు. పట్టికలో సంచికి, అందులోని సరుకుకు, అది ఎక్కే పంటకు గడులున్నాయి. నేలకు గడి లేదు. ఒక ఎకరానికి ఎన్నేళ్లలో ఎంత లోహం చేరవచ్చునన్న లెక్క ఈ నియమాల్లో ఎక్కడా కనిపించదు.

ఈ లోపానికి విరుగుడు కంపోస్టు కుప్ప దగ్గర దొరకదు. తయారైన కంపోస్టు నుంచి జల్లెడతో గాజును తీయవచ్చు, గాలిపోతతో ప్లాస్టిక్కును ఎగరగొట్టవచ్చు; కలిసిపోయిన లోహాన్ని తీయలేరు. భోపాల్‌లోని భారత మృత్తికా విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు జె. కె. సాహా, ఎన్. పన్వర్, ఎం. వి. సింగ్ పలు నగరాల కంపోస్టులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతినే ధ్రువీకరించింది. ఇంటి దగ్గరే వేరుచేసిన తడి చెత్త నుంచి వచ్చిన కంపోస్టులో కంటే కలగలిసిన చెత్త నుంచి వచ్చినదానిలో భార లోహాలు ఎక్కువ. అంటే ఒక ఎకరం కంది చేను శుభ్రత నగరంలోని ఒక వంటింటి చెత్తబుట్ట దగ్గర నిర్ణయమవుతోంది. తడి, పొడి చెత్తలను ఇంటివద్దే వేరుచేయాలని 2000, 2016 నియమాలు రెండూ చెప్పాయి. అయితే ఆ బాధ్యతను తప్పిన గృహస్థుకు, ఎరువుల ఉత్తర్వు కింద దోషి అయ్యే తయారీదారుకు మధ్య చట్టం ఏ లంకెనూ వేయలేదు. ఒకరి నిర్లక్ష్యానికి మరొకరి సంచి జవాబు చెప్పాలి.

ప్రోత్సాహం ఎవరికి?

నియంత్రణతో పాటు ప్రోత్సాహం కూడా ఆలస్యంగానే వచ్చింది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నగర కంపోస్టు విధానాన్ని ఆమోదించింది. టన్నుకు 1500 రూపాయల మార్కెట్ అభివృద్ధి సహాయం దాని కేంద్రాంశం. ఎరువుల కంపెనీలు తమ అమ్మకపు వ్యవస్థ ద్వారా కంపోస్టును కూడా అమ్మాలి. అదే ఏడాది వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు ఈ ఏర్పాటును సంచుల లెక్కలో చెప్పాయి: రసాయన ఎరువు ఆరేడు సంచులకు కంపోస్టు మూడు నాలుగు సంచుల నిష్పత్తిలో, కంపోస్టు దొరికిన మేరకు, కలిపి అమ్మేలా ఎరువుల శాఖ చూడాలి.

ఆలోచన సదుద్దేశంతో కూడినదే. రసాయన ఎరువుకు దుకాణం, గోదాము, లారీ అన్నీ ఉన్నాయి. కంపోస్టు వాటిని వాడుకొంటే ఖర్చు తగ్గుతుంది. కానీ తెలుగు రైతుకు 'కలిపి అమ్మడం' అన్న మాట వేరొక అనుభవాన్ని గుర్తుచేస్తుంది. యూరియా కొరత రోజుల్లో, అక్కరలేని మరో సరుకు కొంటేనే యూరియా ఇస్తామనడాన్ని 'లింకు పెట్టడం' అంటారు. ఏ సరుకునైనా లింకుగా పరిచయం చేస్తే రైతు దానిని మంచిదని నమ్మడు. అంత మంచిదైతే అంటగట్టడమెందుకని అడుగుతాడు. కంపోస్టుకు కావలసినది నమ్మకం. దానికి దొరికినది నమ్మకం తెచ్చిపెట్టని అమ్మకపు దారి. తరువాత తయారీదారులు నేరుగా రైతులకు విడిగా అమ్ముకొనే వీలు కల్పించడం ఈ ఇబ్బందిని కొంత గుర్తించినట్టే.

మరొక చిక్కు లెక్కకు సంబంధించినది. నగర కంపోస్టులో ఉండవలసిన కనీస నత్రజని నూటికి 0.8 వంతులు, టన్నుకు 8 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. ఆ బస్తా గరిష్ఠ ధర, వేపపూత ఖర్చు, పన్నులు కాక, 242 రూపాయలు. అంత నత్రజనిని కంపోస్టుతో ఇవ్వాలంటే కనీస ప్రమాణం ప్రకారం రెండున్నర టన్నులకు పైగా కావాలి. అంటే ట్రాక్టరు, డీజిలు, చల్లే కూలి. ఈ తూకంలో కంపోస్టు ఎన్నటికీ నెగ్గదు. అయితే అదే టన్నులో కనీసం నూటికి 12 వంతుల సేంద్రియ కర్బనం ఉండాలని పట్టిక చెబుతోంది. టన్నుకు 120 కిలోల కర్బనం. యూరియా బస్తా ఆ పని చేయడానికి ఉద్దేశించినది కాదు. నీటిని పట్టి ఉంచడం, మట్టిని గుల్లబరచడం, వేసిన రసాయన ఎరువు కొట్టుకుపోకుండా ఆపడం కర్బనం చేసే పనులు. వీటికి ఎరువుల చట్టంలో ధర లేదు. 1957లో రసాయనానికి కుట్టిన అంగీని 2006లో కంపోస్టుకు తొడిగారు. చేతులు పట్టాయి గాని ఒళ్లు పట్టలేదు.

2023 జూన్‌లో కేంద్రం అదే 1500 రూపాయల సాయాన్ని గోబర్ధన్ పథకం కింద బయోగ్యాస్ కేంద్రాల నుంచి వచ్చే పులియబెట్టిన సేంద్రియ ఎరువులకు ప్రకటించింది. 2025-26 వరకు దాదాపు 1451 కోట్ల రూపాయలు కేటాయించింది. ఏడేళ్లలో రూపాయి విలువ తగ్గినా టన్నుకు ఇచ్చే మొత్తం మారలేదు. మారినది దృష్టి. కంపోస్టు గుంత నుంచి గ్యాసు ట్యాంకుకు. ఇంధనం ప్రధాన ఉత్పత్తి కాగా ఎరువు దాని వెంట వచ్చే సరుకైంది. పేడ పొయ్యిలోకి పోతోందని 1893లో వోల్కర్ పడిన బాధకు, ముందు మంట తీసి తరువాత ఎరువు తీయడం ఒక రకమైన పరిష్కారమే. ఈ సాయం దక్కాలన్నా సరుకు ముందుగా ఎరువుల ఉత్తర్వులోని ప్రమాణాలను అందుకోవాలి.

సంపద అన్న పేరు

ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో చెత్తను వేరుచేసి వానపాముల ఎరువు తయారుచేసే షెడ్లకు పెట్టిన పేరు 'సంపద తయారీ కేంద్రం'. తెలంగాణలో 2019 నుంచి పల్లె ప్రగతి కింద ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, డంపింగ్ యార్డు, నర్సరీ సమకూర్చే పని జరిగింది. పెంట అన్న మాటలో మలినం, సారం రెండూ కలిసి ఉండేవి. 'చెత్త', 'సంపద' అన్న కొత్త జంటలో అవి విడిపోయాయి. ఒకటి మరొకటిగా మారాలంటే మధ్యలో ఒక కేంద్రం, ఒక పథకం, ఒక బోర్డు అవసరమయ్యాయి. పేరు గొప్పదే. కొన్ని ఊళ్లలో షెడ్డు నడుస్తోంది, కొన్ని చోట్ల తాళం వేసి ఉంది. నడుస్తున్న చోట చెత్త ఏ వీధి నుంచి వచ్చిందో కొనేవాడికి తెలుసు. పాత మందకు, గానుగ పిండికి ఉన్న గుణం అదే.

ఈ సందర్భంలో 2015లో మొదలైన మిషన్ కాకతీయను తలచుకోవడం అప్రస్తుతం కాదు. 46 వేలకు పైగా చెరువులను పునరుద్ధరించే లక్ష్యంతో సాగిన ఆ పథకంలో పూడిక తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, మట్టిని పొలానికి తోలుకొనే ఖర్చు రైతుది. చెరువు మట్టి కంపోస్టు కాదు. అందులోని పోషకాలు మితమే. పైగా పట్టణాల మురుగు చేరిన చెరువుల మట్టిని కళ్లు మూసుకొని నమ్మడానికి లేదు. అయినా టన్నుకు ఇంతని సాయం లేకుండా, కలిపి అమ్మే నిష్పత్తి లేకుండా, రైతులు సొంత డబ్బుతో ట్రాక్టర్లు పెట్టి ఆ మట్టిని తోలుకొన్నారు. నగర కంపోస్టు విషయంలో చట్టం ఇరవై ఏళ్లుగా కల్పించలేకపోయిన గిరాకీ అక్కడ కనిపించింది.

రెండింటి మధ్య తేడా పోషకాల శాతంలో లేదు. చెరువు ఊరిది. దాని నీరు ఏ వాగు నుంచి వస్తుందో, గట్టున ఏ పంటలున్నాయో, ఏ ఏడు ఎండిందో తోలుకొనేవాడికి తెలుసు. నగర కంపోస్టు సంచి మీద నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు చదువుకోవచ్చు. ఆ చెత్త ఏ నగరపు ఏ పేట నుంచి వచ్చిందో, అక్కడ తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేశారో లేదో ఆ శాతాలు చెప్పవు. దుకాణం ముందు నిలబడిన పత్తి రైతు సంచిని తిప్పి చూసి, మూతి విప్పించి, గుప్పెడు తీసి వాసన చూస్తాడు. చట్టం అతనికి వదిలిపెట్టిన పరీక్ష ఆ ఒక్కటే. సీసం ఉన్నదీ లేనిదీ ఆ గుప్పెడులో తేలదు.